సంతకానికి నలభై నిమిషాలు

మా మీటరు బాబాయ్‌కి సంతకం పెట్టడం రాదు. చదువు రాక కాదు, మొదలుపెడితే ఆపడం రాక. ఎవరైనా "ఇక్కడో సంతకం పెట్టండి" అంటే మనం పేరు గీకేసి కలం తిరిగి ఇచ్చేస్తాం. బాబాయ్ మాత్రం ముందు కూర్చోవడానికి చోటు చూసుకుంటాడు. జేబులోంచి సూదిమొన లాంటి కలం తీస్తాడు. గొంతు సవరించుకుంటాడు. రాసేది కలంతో అయినప్పుడు గొంతెందుకు సవరించుకోవాలో మాలో ఎవరికీ తెలియదు.

మాది డబ్బాలు వెతికే బృందం. ఈ ఆటని జియోకాచింగ్ అంటారు. ఎవరో ఒకరు ఊళ్లో ఏదో మూల చిన్న డబ్బా దాచి, అది సరిగ్గా ఎక్కడుందో అక్షాంశం, రేఖాంశం అంకెలు ఫోనులో పెడతారు. మిగతావాళ్లు ఆ అంకెలు పట్టుకుని వెళ్లి, వంగి, పాకి, దారిన పోయేవాళ్ల చేత అనుమానంగా చూపించుకుని, చివరికి దాన్ని కనిపెడతారు. లోపల నిధులేమీ ఉండవు. చుట్ట చుట్టిన కాగితం ముక్క ఉంటుంది. దాని మీద పేరూ తేదీ రాసి, డబ్బాని ఎక్కడిదక్కడ పెట్టేయాలి. "దీనికోసం ఆదివారం పూట నిద్ర మానుకుంటారా?" అని మా ఆవిడ ఇప్పటికి వందసార్లు అడిగింది. వందసార్లూ నేను బూట్లు తొడుక్కుంటూనే ఉన్నాను.

నాది కళ్లజోళ్ల దుకాణం. నర్సమ్మ ఆస్పత్రి డ్యూటీ దిగి నేరుగా వస్తుంది. బేకరీ ఆయన వేడి బన్నుల సంచితో వస్తాడు కాబట్టి ఆయన ఎంత ఆలస్యంగా వచ్చినా ఎవరం ఏమీ అనం. ఇక బాబాయ్ ముప్పై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్లు చూసి రిటైరైన మనిషి. గేటు తీసుకుని వెళ్లడం, వంగి మూత ఎత్తడం, అంకె రాసుకోవడం, బయటికి రావడం. అదే ఉద్యోగం.

"ముప్పై రెండేళ్లు ఒక్క మాట రాయనివ్వలేదు నాయనా," అన్నాడోసారి. "అన్నీ అంకెలే. ఒకళ్లింట్లో మీటరు గుంటలో పిల్లి ఐదు పిల్లల్ని పెట్టింది. అందులో ఒకదానికి ఒక చెవే నలుపు. రాద్దామంటే పుస్తకంలో గడి ఏదీ?"

నేను బృందంలో చేరిన మొదటి రోజు పార్కులో బెంచీ కింద డబ్బా దొరికింది. కాగితం నా చిటికెన వేలంత వెడల్పుంది. మేం ముగ్గురం అర నిమిషంలో సంతకాలు ముగించాం. బాబాయ్ అందుకున్నాడు. బన్నులు అయిపోయాయి. ఎండ బెంచీ ఇవతలి నుంచి అవతలికి జరిగింది. తోట కాపలావాడు వచ్చి, "ఏం రాస్తున్నారు? ఇక్కడ రాతపనులు చేయకూడదు," అన్నాడు.

"మీ టోపీ మీద పిచ్చుక రెట్ట ఉంది. అది రాయమంటారా, వద్దా?" అన్నాడు బాబాయ్ ఎంతో మర్యాదగా.

కాపలావాడు టోపీ తీసి చూసుకున్నాడు. ఆలోచించాడు. "రెట్ట తీసేసి రాయండి," అని పక్కనే నిలబడ్డాడు. నలభై నిమిషాలకి సంతకం పూర్తయింది. అందులో చీమల బారు ఏ దిక్కుకి పోతోందో ఉంది, నర్సమ్మ ఎన్నిసార్లు ఆవలించిందో ఉంది, టోపీ ఉంది. అక్షరాలు ఎంత చిన్నవంటే, ఆ కాగితం చూస్తే నా వ్యాపారానికి ఇంతకంటే మంచి ప్రకటన ఉండదనిపించింది.

ఇంకోసారి రైలు పట్టాల మీది నడక వంతెన దగ్గర వాన అందుకుంది. నర్సమ్మ "పరుగెత్తండి!" అని అరిచింది. బాబాయ్ కదల్లేదు. "వాక్యం మధ్యలో ఉన్నానమ్మా," అన్నాడు. మేం ముగ్గురం ఉన్న ఒక్క గొడుగునీ కాగితం మీద పట్టి నిలువునా తడిశాం. కాగితానికి చుక్క నీరు తగల్లేదు. మేం ముగ్గురం వారం రోజులు తుమ్మాం. తర్వాత చూస్తే ఆ వాక్యంలో మా తడిసిన అవతారాలే ఉన్నాయి.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉండేవి. చిక్కల్లా కాగితంతోనే వచ్చింది. కాగితం నిండిపోతే "చోటు లేదు" అని ఫోనులో తెలియజేయాలి. అప్పుడు డబ్బా దాచినవాళ్లే వచ్చి పాతది తీసుకుని కొత్తది పెట్టాలి. మా వైపున్న డబ్బాల్లో నలభైకి పైగా ఒక్క మనిషే దాచాడు. ఆటలో ఆయన పెట్టుకున్న పేరు పాత చక్రం. మాలో ఎవరం ఆయన్ని చూడలేదు. ఏడాదికి ఒక్కసారి మార్చాల్సిన కాగితాన్ని బాబాయ్ పుణ్యమా అని నెలకోసారి మార్చేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. రెండు రోజులు తిరక్కుండా కొత్త కాగితం వచ్చేది, అదీ పాతదానికంటే కాస్త పొడుగ్గా.

ఒక ఆదివారం పొరుగూరి నుంచి ఇద్దరు మోటారు సైకిలు మీద వచ్చి తొమ్మిది డబ్బాలు కనిపెట్టారు. ఏడింటిలో సంతకానికి చోటు లేదు. "ఇది ఆటా, ఎవరి ఆత్మకథా?" అని ఫోనులో అందరికీ కనబడేలా రాశారు. నాకు తల కొట్టేసినట్టయింది. బేకరీలో మీటింగు పెట్టాను.

"బాబాయ్, ఇక మీదట ఒకే ఒక్క వాక్యం," అన్నాను.

"అలాగే నాయనా," అన్నాడు.

తర్వాతి వారం గ్రంథాలయం వెనక ఇనుప మెట్ల కింద ఒకే ఒక్క వాక్యం రాశాడు. చుట్ట విప్పి చూస్తే మూరెడుంది. ఎక్కడా చుక్క లేదు. కామాలు పెడుతూ పోయాడు.

దాంతో నాకు పంతం వచ్చింది. ఒక రబ్బరు ముద్ర చేయించాను. గుండ్రంగా, రూపాయి బిళ్లంత, మధ్యలో "మీటరు బాబాయ్" అని. ఆయన చేతిలో పెట్టి, కలం అడిగి తీసుకుని నా జేబులో పెట్టుకున్నాను. "ఇక మీరు రాయనని మాటివ్వండి," అన్నాను.

బాబాయ్ ముద్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏదో చెప్పబోయి ఆగాడు. "సరే. మాటిచ్చాను," అన్నాడు.

తర్వాత రెండు నెలలూ మా ఆట బ్రహ్మాండంగా సాగింది. సంతకాలు చకచకా అయిపోయేవి. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే పదికల్లా ఇళ్లకి చేరేవాళ్లం. ఇళ్లకి చేరి ఏం చేయాలో ఎవరికీ తెలిసేది కాదు. బాబాయ్ టప్‌మని ముద్ర కొట్టి పక్కకి తప్పుకునేవాడు. గోడనో, చెట్టునో చూస్తూ పెదవులు కదిపేవాడు. నేను చూడనట్టు నటించేవాణ్ణి. నియమం పెట్టినవాడికి ఆ మాత్రం నటన తప్పదు కదా.

అప్పుడొక మధ్యాహ్నం నా దుకాణానికి ఒకావిడ వచ్చింది. యాభై పైబడిన మనిషి. చేతిలో కాడ విరిగిన మగవాళ్ల కళ్లజోడు. నేను కాడ బిగిస్తుంటే నన్నే పరిశీలనగా చూసి, "డబ్బాలు వెతికేవాళ్లలో కళ్లజోళ్లాయన మీరేనా?" అంది.

"అవునమ్మా. మీకెలా తెలుసు?"

"కాలవ గట్టు మీద జారి కూలబడ్డారు కదూ? లేచి, ఎవరూ చూడలేదనుకుని, ప్యాంటు వెనక దులుపుకుని, పక్షుల్ని చూడ్డానికే కూర్చున్నట్టు ఆకాశంలోకి చూశారట. మా ఆయన అది చదివి వారం రోజులు నవ్వారు."

నా చేతిలో స్క్రూ జారి కింద పడింది. ఆ రోజు నిజంగానే ఎవరూ చూడలేదనుకున్నాను.

ఆవిడ భర్తే పాత చక్రం. ఇరవై ఆరేళ్లు సిటీ బస్సు నడిపాడట. డ్రైవరు సీట్లోంచి రోజూ చూస్తూ, ఏనాడూ దిగి దగ్గరకి వెళ్లలేకపోయిన చోట్లు మనసులో గుర్తు పెట్టుకున్నాడు. ఉద్యోగం అయిపోయాక ఒక్కొక్క చోటికీ నడిచి వెళ్లి ఒక్కొక్క డబ్బా దాచాడు. నలభై రెండోది దాచిన నెలకి ఇంట్లో మెట్ల మీంచి పడి వెన్నుపూస దెబ్బతింది. రెండేళ్లుగా మంచం దిగలేదు.

"కాగితాలు మార్చేది నేను," అంది. "మొదట్లో ఆ పేర్లు, తేదీలు తెచ్చి ఇచ్చేదాన్ని. చూసి పక్కన పెట్టేసేవారు. 'ఆ గోడ ఎలా ఉంది? మర్రిచెట్టు కింద ఎవరైనా కూర్చున్నారా?' అని నన్నడిగేవారు. నేను పని మధ్యలో పరుగెత్తుకెళ్లి వచ్చేదాన్ని. నాకేం కనబడుతుంది? ఒకరోజు గ్రంథాలయం మెట్ల దగ్గర కూర్చుని ఏడుస్తుంటే మీ మీటరాయన వచ్చారు. అంతా చెప్పేశాను. ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నాను. మా ఆయనకి పరామర్శలంటే పడదు. ఆ తర్వాత నుంచే కాగితాలు నిండడం మొదలైంది."

నేను కింద పడ్డ స్క్రూ వెతికి తీసి కాడ బిగించాను.

"ఆయనకి ఒంట్లో బాలేదా?" అంది ఆవిడ. "రెండు నెలలుగా ఒక్క కాగితమూ నిండలేదు. ఉండబట్టలేక నేనే వెళ్లి విప్పి చూశాను. ముద్ర ఉంది. మాట లేదు."

ఆ రోజు దుకాణం తొందరగా మూసేశాను. బాబాయ్ వాళ్ల వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. కలం ఆయన ముందు పెట్టాను.

"ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"ఎవరికీ చెప్పనని ముందు ఆవిడకి మాటిచ్చాను. రాయనని తర్వాత నీకు మాటిచ్చాను. రెండింటి మధ్యా ఇరుక్కుపోయాను."

"మాకొక్క ముక్క చెబితే మేమందరం రాసేవాళ్లం కదా!"

"జాలిపడి రాసేవాళ్లు. జాలితో రాసింది చదవడానికి బాగోదు నాయనా," అన్నాడు. "నేనూ మొదట్లో నాలుగు వరుసలే రాసేవాణ్ణి. ఆయన చదువుతున్నాడని తెలిశాక నాకు చూడడం వచ్చింది. నువ్వు జారిపడ్డ రోజు చూడు, ఎంత బాగా పడ్డావు!"

ఆదివారం బృందానికి నియమం ఎత్తేశానని ప్రకటించాను.

"ఎందుకు?" అంది నర్సమ్మ.

"ఆ నియమం నాకు నచ్చలేదు."

"పెట్టింది నువ్వేగా!"

"అందుకే నచ్చలేదు," అన్నాను. అంతకంటే చెప్పడానికి లేదు, నేనూ ఆవిడకి మాటిచ్చాను. పొరుగూరివాళ్ల కోసం ప్రతి డబ్బాలోనూ ఒక చిన్న కాగితం విడిగా పెట్టాం. పెద్ద కాగితం మీద బాబాయ్‌తో పాటు నేనూ రాయబోయాను. "గోడ ఉంది. గోడ పక్కన చెట్టు ఉంది," అని రాసి, ఇంకేముందా అని పావుగంట చూశాను. ఇంకో చెట్టు కనబడింది. ఇన్నాళ్లూ నేను పిచ్చి అనుకున్నది ఎంత కష్టమైన పనో ఆ పావుగంటలో తెలిసింది.

మూడు నెలల తర్వాత ఫోనులో పాత చక్రం కొత్త డబ్బా ఒకటి కనబడింది. రెండున్నరేళ్లలో మొదటిది. అంకెల కింద ఇలా రాసి ఉంది: "ఎక్కాల్సిన పని లేదు, పాకాల్సిన పని లేదు. గేటు తీసే ఉంటుంది. కాలవ గట్టున జారిపడ్డ మనిషి తప్పకుండా రావాలి. పరామర్శించేవాళ్లు రాకూడదు."

వెళ్లాం. చిన్న సందులో చిన్న ఇల్లు. అంకెలు మమ్మల్ని పక్కవైపు కిటికీ దగ్గరకి తీసుకెళ్లాయి. మేం నలుగురం కిటికీ కింద, నీళ్ల గొట్టం వెనక, పూలకుండీల మధ్య చేతులు పెట్టి తడుముతుంటే లోపలి నుంచి ఖంగుమని ఒక గొంతు వినబడింది.

"ఎడమకి! ఇంకా ఎడమకి! ఏం మనుషులయ్యా, ఇరవై ఆరేళ్లు బస్సు తిప్పాను, ఇంత నెమ్మదిగా మలుపు తీసుకున్నవాళ్లని చూడలేదు!"

కిటికీ పక్కనే మంచం. మంచం మీద నిలబెట్టిన దిండుకి ఆనుకుని, నేను కాడ బిగించిన కళ్లజోడు పెట్టుకుని, నవ్వుతున్న మనిషి. నర్సమ్మ, బేకరీ ఆయన ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకి చెప్పాల్సింది ఎవరమూ చెప్పనక్కర్లేకపోయింది.

డబ్బా కిటికీ ఊచకే వేలాడుతోంది. అందులో ఈసారి కాగితం ముక్క కాదు, రెండు వందల పేజీల నోటు పుస్తకం మడిచి పెట్టాడు. అది బాబాయ్ చేతికిచ్చి మేం నేల మీద చతికిలబడ్డాం. బేకరీ ఆయన బన్నుల సంచి విప్పాడు. సాయంత్రం దాకా ఉండాల్సి వస్తుందని నర్సమ్మ ఇంటికి ఫోను చేసింది.

బాబాయ్ పేరు రాశాడు. తేదీ వేశాడు. పుస్తకం మూసేశాడు.

"అంతేనా?" లోపలి నుంచి ఆయన దాదాపు కోప్పడ్డాడు. "పుస్తకం మొత్తం ఖాళీగా ఉంటే!"

"ఎదురుగా మీరుండగా రాయడం దేనికండీ?" అంటూ బాబాయ్ కుండీ పక్కకి జరిపి, కిటికీకి దగ్గరగా పీట లాక్కుని కూర్చుని గొంతు సవరించుకున్నాడు.