అల లేని చోటు

అండమాన్‌లో ఒక దీవి. తీరమంతా అలలు విరిగి నురగలు కక్కుతుంటే, మధ్యలో ఒక్కచోట మాత్రం నీళ్లు నున్నగా ఉన్నాయి. మా మేనత్త నా కూతురి చెయ్యి పట్టుకుని నేరుగా అక్కడికే నడిచింది. తమిళనాడు ధర్మపురి జిల్లాలో, మా తుంబలహళ్లి డ్యామ్‌లో ఈత నేర్చిన మనిషి ఆమె. నాకూ అదే మంచి చోటనిపించింది.

వెనక విజిల్ మోగింది. ఎర్రచొక్కా లైఫ్‌గార్డు హిందీలో అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. మా మాటలు చెవిన పడగానే తెలుగులోకి మారాడు. తాతల కాలంలో శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబమట.

"అటు దిగకండమ్మా! పాపని వెనక్కి తెచ్చీండి."

"ఏమప్పా, ఈడ అలే లేదు కదా? మా ఊర్లో నీళ్లు సద్దు చేసే తావుకే మేము పోము," అంది అత్త.

అతను ఖాళీ కొబ్బరిబోండాం ఒకటి ఆ నున్నటి నీళ్లలోకి విసిరాడు. మేం చూస్తుండగానే అది సముద్రంలోకి దూరమైపోయింది.

"ఒడ్డుకొచ్చిన నీరంతా ఈ దారినే వెనక్కి ఎళ్లిపోద్దమ్మా. అందుకే ఇక్కడ అల లేదు. అలలు విరిగేచోట, మోకాల్లోతులో ఆడుకోండి."

"అయితే సద్దు చేయని నీళ్లకే భయపడల్లనా!" అని అత్త ఆశ్చర్యపోయింది. ఆ సాయంత్రమంతా అల వచ్చిన ప్రతిసారీ పాపకంటే గట్టిగా కేకలు పెట్టింది.

పోయిన నెల తుంబలహళ్లి డ్యామ్‌లో దిగబోతూ అత్త ఆగింది. ఒడ్డునున్న కొబ్బరిచిప్ప తీసి నీళ్లలోకి విసిరి, నడుం మీద చెయ్యేసుకుని చాలాసేపు చూసింది. చిప్ప పడినచోటే ఊగుతూ ఉండిపోయింది.

"మన నీళ్లే," అని దిగింది.