డిబ్రైడ్‌మెంట్‌కి ఎంత ఏడవాలి?

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. అర్థమయ్యే మాట ఎవరైనా రాస్తారు, అర్థం కానిది రాసినవాళ్లే రచయితలు అని. (ఆ రోజులంటే మరీ పాతకాలం కాదు లెండి, చేతిలో స్మార్ట్‌ఫోను ఉన్న రోజులే. దాన్ని వాడే బుద్ధి మాత్రం ఇంకా రాలేదు.) తణుకు నుంచి వచ్చి, యూసుఫ్‌గూడ లేడీస్ హాస్టల్లో ఒక మంచం సంపాదించి, ఫిల్మ్‌నగర్‌లో ఒక డైరెక్టరుగారి దగ్గర డైలాగుల అసిస్టెంటుగా చేరాను. చేరానంటే, ఆయన చెప్పింది రాసుకోవడం, రాసింది జిరాక్సు తీయించడం, తీయించింది నటులకి పంచడం. మా నాన్న ఆర్నెల్లు గడువిచ్చాడు. "ఈలోగా తెర మీద నీ మాట ఒక్కటైనా వినిపించాలి. లేదా వచ్చి బి.ఇడి.లో చేరాలి" అన్నాడు. ఐదు నెలలు జిరాక్సు షాపులోనే గడిచిపోయాయి.

అప్పుడు దొరికింది నాకు ఆసుపత్రి సీను. హీరో తమ్ముణ్ణి లారీ గుద్ది కాలు నుజ్జవుతుంది. ఆపరేషన్ థియేటర్ బయట తల్లి ఎదురుచూస్తుంటుంది. డాక్టరు బయటికొచ్చి ఏదో చెప్పాలి. "ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేం అని మాత్రం రాయకు. విని విని నాకే బీపీ వస్తోంది. కొత్తగా ఏదైనా రాసుకురా, చూద్దాం" అన్నారు డైరెక్టరుగారు. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. వెంటనే ఎంబీబీఎస్ చదువుతున్న మా పిన్ని కొడుక్కి, "సర్జరీలో వాడే ఇంగ్లీషు మాటలు ఒక పది పంపరా, వింటేనే గుండె జారిపోవాలి" అని మెసేజ్ పెట్టాను. వాడు పంపినవాటిలో 'డిబ్రైడ్‌మెంట్' నా కంట్లో పడింది. ఏం మాటండీ అది! పలికితే పెద్ద ఇనప తలుపు మూసుకున్నట్టుంది. అర్థం కోసం ఫోన్లో వెతికితే వాక్యం 'చచ్చిపోయిన' అని మొదలైంది. ఇంకేం కావాలి? అక్కడితో ఆపేశాను. మిగతా వాక్యం చదివి ఉంటే మీకు ఈ గోల తప్పేది.

షూటింగు రోజున డాక్టరు వేషధారి కళ్లజోడు తీసి, గొంతు తగ్గించి, "సారీ అమ్మా... డిబ్రైడ్‌మెంట్ చేసేశాం" అన్నాడు. తల్లి వేషం వేసిన పెద్దావిడ "నాయనా!" అని కుప్పకూలింది. నా ఒళ్లు పులకరించింది. రెండో టేకుకి ముందు ఆవిడ నన్ను చెయ్యూపి దగ్గరికి పిలిచింది. ఏళ్ల తరబడి తెర మీద కొడుకుల కోసం ఏడుస్తున్న మనిషి, కొలత తెలియనిదే కన్నీటి చుక్క రాల్చదు.

"అమ్మాయ్, ఇంతకీ మావాడు పోయాడా, ఉన్నాడా? పోతే ఒక ఏడుపు, కాలు తీసేస్తే ఒక ఏడుపు, బతుకుతాడంటే ఇంకో ఏడుపు. ఈ డిబ్రైడ్‌మెంట్‌కి ఎంత ఏడవాలో చెప్పు తల్లీ."

"పోయినట్టేనండీ... దాదాపు" అన్నాను.

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. నర్సు వేషంలో ట్రే పట్టుకుని నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు. రహమత్ నగర్‌లో ఉంటుంది, ఎప్పుడూ ఈ వేషమే కాబట్టి సెట్లో అందరూ సిస్టరమ్మ అంటారు. నిజంగానే ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసి రిటైరై ఈ వేషాలకొస్తోందని ఆ క్షణం దాకా మాకెవరికీ తెలియదు. (మా సినిమాల్లో నర్సులు నిలబడాలి గానీ నోరు విప్పకూడదు. ఇక తెలిసేదెలా?)

"ఏందమ్మా గిట్ల రాసినవ్? పుండుల చచ్చిన కండ తీసి సాఫ్ చేసుడే గది. దానికి గీ తల్లి గింత ఏడ్సుడేంది?" అంది.

డైరెక్టరుగారు నా వైపు తిరిగారు. "అర్థం తెలిసే రాశావా?" నేరం పిన్ని కొడుకు మీదికి నెట్టేద్దామని అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. ఎందుకో చెప్పలేకపోయాను. "లేదండీ, వినడానికి బావుందని రాశాను" అన్నాను. బి.ఇడి. అప్లికేషను కళ్ల ముందు కదలాడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆయన తిట్టలేదు. సిస్టరమ్మకి కుర్చీ వేయించి, ఆ మాట అసలెప్పుడు వాడతారో చెప్పమన్నారు.

"యాక్సిడెంటైన కాలు, షుగరు పుండు, కాలిన చెయ్యి, గిసుంటి వాటికి సార్. చచ్చిన కండ గట్లనే ఉంచితే మంచి కండ గూడ ఖరాబైతది. అందుకే నల్లగైనదంత కోసుకుంట పోతరు. ఎందాక? ఎర్రగ నెత్తురొచ్చేదాక. నెత్తురు జూసి బయటోళ్లు భయపడ్తరు, మేం ఖుషీ అయితం. గాడ పానం ఉన్నట్టే గదా!"

"విన్నావుగా? లంచ్ అయ్యేలోపు సీను మార్చి తే" అన్నారాయన నాతో. అన్నం మానేసి, లైట్ల పెట్టె మీద కూర్చుని రాశాను. ఈసారి నర్సుకీ ఒక డైలాగు పెట్టాను: "భయపడకండమ్మా, రక్తం వచ్చిందంటే ప్రాణం ఉన్నట్టే." డైరెక్టరుగారు చదివి అడ్డంగా గీత కొట్టేశారు. "ఆమె మాటకి నువ్వు ఇస్త్రీ చెయ్యకు. ఆమె ఎలా అంటే అలాగే అననీ."

టేకులో డాక్టరు ఆ ఇంగ్లీషు మాట అనేసి వెళ్లిపోయాడు. బిక్కచచ్చి నిలబడ్డ తల్లి భుజం మీద సిస్టరమ్మ చెయ్యి వేసింది. "ఫికర్ చెయ్యకు అక్కా. ఎర్రగ నెత్తురొచ్చింది. కాలు బతికే ఉన్నది." పెద్దావిడ ఏడవనేలేదు. ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని గుండెల్నిండా ఊపిరి పీల్చి వదిలింది, అంతే. ఒక్క టేకుకే ఓకే అయింది.

ఎడిటింగులో డాక్టరు ఎగిరిపోయాడు, ఆయనతోపాటు నా డిబ్రైడ్‌మెంటూ పోయింది. మిగిలింది సిస్టరమ్మ మాటే. నాన్నని బతిమాలి సినిమా విడుదలయ్యేదాకా గడువు పొడిగించుకున్నాను. మొదటి ఆటలో ఆ మాటకి హాలంతా ఒక్కసారి చప్పట్లు కొడితే, నాకు ముందు కుళ్లొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆనందంతోనే. బయటికి రాగానే నాన్న ఫోన్. తణుకులో ఆయనా అదే ఆట చూశాడు. "ఆ నర్సు మాట నువ్వు రాసిందేనా?" అన్నాడు. "అవును నాన్నా" అనేశాను. "అయితే బి.ఇడి. వద్దులే" అన్నాడు.

సిస్టరమ్మ దగ్గర నేరం ఒప్పుకుంటే పడీ పడీ నవ్వింది. "చెప్పుకో బిడ్డా, నాదేం పోయింది? నాకు మాటలున్న వేషాలొస్తున్నయ్, నీకు కొలువు నిలబడ్డది" అంది. తర్వాత చాలా సినిమాలకి మాటలు రాశాను, అర్థం పూర్తిగా చదివాకే. అయినా నాన్న ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ నర్సు మాటే చెప్పి, "మా అమ్మాయి రాసిందే" అని మురిసిపోతాడు. పక్కనే కూర్చుని నేనూ సిగ్గుపడుతున్నట్టు తలొంచుకుంటాను. నిజం చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.