పేరు పెట్టి పిలిచిన రోజు

మా ఎదురింటి అఖిలాండం మొగుణ్ణి పేరు పెట్టి పిలవగా రాజపాళయంలో ఎవరూ వినలేదు. కూతురు సత్య పుట్టకముందు ఏమని పిలిచేదో నాకు తెలియదు. ఇరవై నాలుగేళ్ళుగా మాత్రం ఆయన ‘సత్య నాయన’. రేషన్ కొట్టులో పేరడిగినా నా వైపు చూసేది, నేను చెప్పాలి. “చెప్తే నాలుక ఊడిపోతుందా?” అని కసిరేదాన్ని. నవ్వి ఊరుకునేది.

ఆ సత్య నాయన పేరు మహేంద్రన్. పక్క ఊరు సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాలకు మెకానిక్. చప్పుడు విని మగ్గానికి ఏ జబ్బో చెప్పగలిగిన మనిషి, యాభై ఒకటో ఏట ఒక పొద్దున విప్పిన మగ్గాన్ని మళ్ళీ బిగించలేక సాయంత్రం దాకా దాని ముందే కూర్చున్నాడు. ముసలితనంలో రావలసిన మతిమరుపు ముందే వచ్చేసిందన్నాడు మదురై డాక్టరు. మందులిచ్చాడు. నయం కాదని కూడా చెప్పాడు.

అప్పటినుంచి మూడేళ్ళుగా ఆయన తన కాలంలోకి తానే వెనక్కి నడిచిపోతున్నాడు. తొందర లేదు, ముఖంలో దిగులు లేదు. దిగులంతా అఖిలాండానిది. కుట్టుమిషను మూసేసింది. పెళ్ళిళ్ళకు రావడం మానేసింది. మధ్యాహ్నం కునుకు తీయాలన్నా తన కొంగు ఆయన మణికట్టుకు ముడేసుకుంటుంది. ఒకరోజు ఆయన మూడోసారి “అన్నం పెట్టలేదే” అనేసరికి పళ్ళెం గోడకేసి కొట్టి, మా ఇంటికొచ్చింది.

“నేను చెడ్డదాన్నా అక్కా?”

నాకు ఒళ్ళు మండింది, ఆమె మీద కాదు. “దోస పోసినాను, తిను” అన్నాను.

ఈ మధ్య కోయంబత్తూరు నుంచి సత్య ఫోనులో కనబడితే, “ఎవరీ పిల్ల?” అంటున్నాడు. కూతురు పుట్టని కాలానికి చేరుకున్నాడన్నమాట.

మొన్న గ్యాసు సిలిండరు దించేటప్పుడు తలుపు తెరిచి ఉంది. అంతే, మనిషి లేడు. ఎక్కడికి వెళ్ళి ఉంటాడో ఇద్దరికీ తెలుసు. అఖిలాండాన్ని స్కూటరు ఎక్కించుకుని సత్రపట్టికి పోయాను.

ఊరి అంచున పొలంలో ఉతికిన గుడ్డ బారులు బారులుగా ఆరుతోంది. గాలికి ఆ తెలుపంతా మెల్లగా లేచి మెల్లగా దిగుతోంది. వరసల మధ్య మహేంద్రన్ రెండు చేతులతో గుడ్డను నిమురుకుంటూ పోతున్నాడు. కనబడతాడు, గుడ్డ కప్పేస్తుంది, మళ్ళీ ఇంకోచోట కనబడతాడు. ఎందుకొచ్చామో కాసేపు నాకే మరుపొచ్చింది. అంత హాయిగా ఉన్నాడాయన.

అంతలో లారీ హారను వినబడింది. ఆ వరసలు అయిపోయేది మెయిన్ రోడ్డు దగ్గరే.

“సత్య నాయనా!” అఖిలాండం పరుగెత్తింది. “సత్య నాయనా!”

ఆయన తిరగలేదు. సత్య ఎవరో తెలియని మనిషి ఎందుకు తిరుగుతాడు? నేను మోకాళ్ళ నొప్పితో వెనకబడ్డాను, రొప్పుతో గొంతు పెగల్లేదు. ఆయన రోడ్డు గట్టు ఎక్కుతున్నాడు.

“మహేంద్రన్!”

ఆ గొంతు అఖిలాండానిదేనని నమ్మలేకపోయాను. ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. వెనకనుంచి లారీ దూసుకుపోయింది. నేను వాళ్ళను చేరుకునేసరికి ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

“ఇంటికి పోదాం, రాండి” అంది.

“ఎవరమ్మా నువ్వు? నీతో ఎట్ట వచ్చేది? ఇంట్లో ఆమె నాకోసం కాచుకుని ఉండాది. ఆమె నా పేరు కూడా చెప్పదు, అంత మరియాద. నువ్వేమో రోడ్డులో నిలబడి అరుస్తుండావు.”

మూడేళ్ళలో ఆయన ఎదుట ఒక్కసారీ ఏడవని అఖిలాండం అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి?

మహేంద్రన్ ఆమె పక్కన చతికిలబడ్డాడు.

“ఏడవద్దమ్మా. పావం, పొద్దున తిన్నావో లేదో. మా ఇంటికి రా. ఆమె నీకూ అన్నం పెడుతుంది.”