లోవరాజుగారి లెక్క

లోవరాజుగారికి కడుపు నిండకపోతే లెక్క రాదు. రాజోలు దిగువన, గోదావరి సముద్రంలో కలిసే ఏటిమొగ పల్లెల్లో ఈ సంగతి తెలియని జాలరి లేడు. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న ఆ రోజుల్లో, వలకో తెడ్డుకో రూపాయి అప్పు కావలసినవాళ్ళు ఆయన గుమ్మమే ఎక్కేవారు. మిగతా వర్తకులకి పున్నమికి రూపాయి కట్టాలంటే కట్టాల్సిందే. ఈయన వాయిదాకి అణా చొప్పున పుచ్చుకునేవారు. కాని వసూలుకి వచ్చిన రోజున ఆ ఇంట్లో వండిందేదో ముందు ఆయనకి వడ్డించాలి.

పులుసు బాగుంటే నాలుగు ముద్దలు తిని, లెక్క తేల్చి, అణా మొలలో దోపుకునేవారు. గంజి పోస్తే మాత్రం రెండు గుక్కలు తాగి మొహం ముడుచుకునేవారు.

"నిండలేదండీ. లెక్క రావట్లేదు. మళ్ళీ వస్తాను."

"వడ్డీకి వడ్డీ, తిండికి తిండీనా అండి?" అని అబ్బులు అనే జాలరి ఒకసారి అడిగేశాడు.

"ఆయ్. వడ్డీ పెట్టెలోకండి, తిండి బుర్రలోకండి."

మొగుడు పోయిన బుజ్జమ్మ ఆయన దగ్గర రెండు రూపాయలు తీసుకుని వల కొంది. తమ్ముడి చేత వేయిస్తోంది. మొదటి వాయిదా నాటికి పది రోజులుగా ఈదురుగాలి, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. చేతిలో ఒక్క కానీ కూడా లేదు. బాకీ కింద ఆయన వల పట్టుకుపోతే పిల్లలకి ఇప్పుడు తాగే గంజి కూడా ఉండదు. కడుపు నిండా పెడితే కనికరిస్తారని, పక్కింటి అబ్బులు పెళ్ళాన్ని బతిమాలి అన్నం, ఎండునెత్తళ్ళ పులుసు తెచ్చి వడ్డించింది.

లోవరాజుగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు.

"ఇది అబ్బులు ఇంటి పులుసు కదమ్మా."

"మా ఇంటిదేనండి బాబాయిగారూ."

"మొన్న అక్కడే తిన్నాను. ఆవిడ మెంతులు మాడ్చేస్తుంది. మీ కుండ పట్రా."

బుజ్జమ్మ సిగ్గుతో చితికిపోతూ గంజి తెచ్చింది. ఆయన అన్నం, పులుసు పిల్లల వైపు జరిపి, గంజి రెండు గుక్కలు తాగారు.

"నిండలేదమ్మా. లెక్క ససేమిరా రావట్లేదు. చేపలు పడ్డాక కబురెట్టు."

"మరి వలండి?"

"దాన్నేం వండుకు తింటాను? నీ దగ్గరే ఉంచు."

గంజి పోసిన ఏ ఇంట్లోనూ ఆయనకి ఇంతవరకూ లెక్క రాలేదని బుజ్జమ్మకి అప్పుడు తట్టింది. కళ్ళు తుడుచుకునేలోపు ఆయన గుమ్మం దాటి, వీధంతా వినిపించేలా త్రేన్చారు.

"బాబాయిగారూ, ఇంటికాడ తినే వచ్చేరా అండి?"

"ఆకలి త్రేనుపమ్మా," అంటూ లోవరాజుగారు అడుగు పెంచారు.