అరిసెల పాకానికొచ్చిన ఎలక్ట్రాన్లు

ఎలక్ట్రాన్లు తేనెలా పారతాయన్న కబురు నాకు మొదట తెచ్చింది మా పార్వతి పిన్ని. ఆ కబురు వెనకే ఒక బరువు వచ్చి నా గుండెల మీద కూర్చుంది. ఏళ్లు గడిచినా దిగలేదు. ఇంట్లో చెప్పలేక మీకు చెబుతున్నాను.

సునామీకి అండమాన్‌లో, జంగ్లీఘాట్‌లోని మా ఇల్లు ఉప్పునీళ్ల పాలైతే, పిన్ని నన్ను ఫెరార్‌గంజ్‌లో తన ఇంటికి తీసుకుపోయింది. మళ్లీ నేను బడి మొహం చూడలేదు. తను కాలేజీలో ఫిజిక్స్ చెప్పి వచ్చి, కూర తరుగుతూ నాకు చదువు చెప్పేది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ తల్లి చలవే. అలాంటి మనిషికా నేను ఈ పని చేసింది?

నేను పెద్దదాన్నయ్యాక, జంగ్లీఘాట్ తెలుగువాళ్ల సభలో పిన్నిని మాట్లాడమన్నారు. ఇక్కడ సైన్సంటే ఇంగ్లీషు, కాదంటే హిందీ. తెలుగులో అవదని పెద్దల మాట. ఆ ఎలక్ట్రాన్ల కబురే తెలుగులో చెప్పి, అవుతుందని చూపించాలని పిన్ని పంతం. పెన్సిల్ ముల్లులో ఉండే సరుకునే ఒక్క పరమాణువు మందాన పొరగా ఒలుస్తారట. మామూలు తీగలో ఎలక్ట్రాన్లు అడ్డొచ్చినవాటికల్లా గుద్దుకుంటూ ఎవరి దారిన అవి పోతాయి. మలినం లేని ఆ పొరలో మాత్రం ఒకదాన్నొకటి తోసుకుంటూ, అన్నీ కలిసి తేనెలా పారతాయట, ఇరుకు సందులోంచి కూడా. అది చూపించడానికి వాలుగా పెట్టిన పళ్లెం, మధ్యలో సందు వదిలి రెండు చెక్కలు, గుప్పెడు శనగలు, సీసాడు తేనె సిద్ధం చేసుకుంది.

సభ రోజు కార్తీక సోమవారం. షిప్పు లేటై కొట్లలో తేనె లేదు. తేనె లేకుండా పంచామృతం ఏమిటి? ఎదురుగా పిన్ని సీసా కనిపించింది. కనిపించేలా పెట్టినందుకు స్వామికి దణ్ణం కూడా పెట్టుకున్నాను, చూడండి నా భక్తి! తేనె మొత్తం అభిషేకమైపోయింది. శివుడికి తేడా తెలుస్తుంది గానీ ఎలక్ట్రాన్లకు ఏం తెలుస్తుందిలే అనుకుని, బెల్లం పాకం పట్టి సీసాలో పోశాను. నాకు చేతనైన పాకం ఒకటే, అరిసెలది. శివనామం చెప్పుకుంటూ పొయ్యి మీద ఇంకాసేపు ఉంచేశాను కూడా.

సభలో శనగలు చక్కగా గుద్దుకుని సందు దగ్గర ఇరుక్కున్నాయి. అందరూ తలలూపారు. "ఇప్పుడు చూడండి, కలిసి ఎలా పారతాయో," అని పిన్ని సీసా వంచింది. ఏమీ రాలేదు. అడుగున చరిచింది. ధప్పుమని ఒక ముద్ద పడి, సందుకు అడ్డంగా కూర్చుంది.

ముందు వరసలోంచి చేపల అప్పలస్వామి తాత లేచాడు. "ఏటమ్మా, నీ ఎలక్ట్రాన్లు అరిసెల పాకానికొచ్చేశాయి! పిండి కలిపెయ్!"

వెనకనుంచి ఎవరో, "దీదీ, కరెంటు పోయినట్టుంది!" అన్నారు.

హాలు గొల్లుమంది. పిన్ని నా దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది.

"సీసాలోది తేనేనా అమ్మా?"

"తేనే పిన్నీ. చలికి గడ్డకట్టుంటుంది."

అండమాన్‌లో చలి! ఫ్యాన్ కింద కూడా అందరికీ చెమటలు కారుతున్నాయి. అయినా పిన్ని నమ్మింది. నేనంటే అంత నమ్మకం. మైకు దగ్గరకెళ్లి, "ముందే చూసుకోవాల్సింది, పొరపాటు నాదే," అంది.

ఆ తర్వాత ఎవరు పిలిచినా తెలుగులో మాట్లాడలేదు. జంగ్లీఘాట్‌లో ఆమెను ఇప్పటికీ పాకం టీచరనే అంటారు. వింటే ఒక్కోసారి నాకూ నవ్వొస్తుంది. ఆ నవ్వు కూడా తప్పుల్లో కలిపే చెబుతున్నాను. ఎందుకు నోరు విప్పలేదు? దేవుడి పనికే కదా వాడానని సర్దిచెప్పుకున్నాను. అబద్ధం ఆడింది మాత్రం దేవుడి కోసం కాదు. నా కోసమే.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. చెప్పాను, గుండె కాస్త తేలికపడింది, అంతే. ఆ రోజు హాల్లో నవ్వినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. నన్ను మరిచిపోయినా ఫరవాలేదు. పార్వతి టీచర్‌ని గుర్తుపెట్టుకోండి. ఆమె తెలుగులో చెప్పిన ప్రతి ముక్కా నిజం.