పంచిపెట్టకూడని మాత్ర

సహోదరులారా, ముక్తేశ్వరంలో మా అమ్మాయి శాంతి పేరెత్తితే టీచర్లు తల పట్టుకునేవారు. పదేళ్ళ పిల్ల, లెక్క మొదలుపెట్టి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయేది, కంచం ముందు నుంచి లేచిపోయేది, దయ్యం పట్టిందని ఒకరు, పెంపకం బాగోలేదని ఒకరు అంటుంటే నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చిన ఏడుపు ఆ ప్రభువుకే తెలుసు! కాకినాడలో డాక్టరుగారు ఇది ఏకాగ్రత కుదరని జబ్బని చెప్పి, బరువూ బీపీ చూసి, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా అని అడిగి, చిన్న మోతాదులో మాత్ర రాశారు. రోజూ పొద్దున్న టిఫిను తిన్నాక వేసేదాన్ని. నెమ్మదిగా పిల్ల కుదుటపడింది, ఆదివారం చర్చిలో వాక్యం చివరిదాకా కూర్చుంది!

మా అత్తగారిది పెట్టే చెయ్యి. పనసపొట్టు కూర వండినా, చర్చిలో కేకు ముక్క ఇచ్చినా నాలుగిళ్ళకు పంచందే ఆవిడ నోట పెట్టరు. ఆ ప్రేమతోనే ఒక ఉదయం, ఇంటరు పరీక్షకు తయారవుతున్న మా ఆడపడుచు కూతురు కెజియాకు శాంతి మాత్రలు రెండు కాఫీతో ఇచ్చేశారు. అరగంటకు బయల్దేరిన పిల్ల వీధి దాటకుండానే గుండె దడదడలాడి, చేతులు వణికి, చెమటలు పట్టి అరుగు మీద కూలబడింది.

"మన శాంతికి పనిచేసింది కదా అని ఇచ్చేనే అమ్మాయ్" అని అత్తగారు గోడకు చేరగిలబడిపోయారు.

మాత్రల అట్ట చేతబట్టుకుని ఆటోలో అమలాపురం ఆసుపత్రికి వెళుతూ దారంతా నేను చేసిన ప్రార్థన ఒక్కటే: "తండ్రీ, ఈ పిల్లని మాకు దక్కించు. ఆవిడ ప్రేమని ఈ ఇంటికి శాపం చెయ్యకు."

సాయంత్రానికి గుండె నెమ్మదించింది. పరీక్ష పోయింది, పిల్ల దక్కింది, దేవునికే మహిమ! అక్కడి డాక్టరమ్మగారు అత్తగారిని కోప్పడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "మామ్మగారూ, ఇది శాంతి ఒంటికి చూసి రాసిన మందండి. ఇంకొకళ్ళకిస్తే చదువు రాదండి, ప్రాణం మీదకొస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చాక ఆ మాత్రలు కాలువలో పారెయ్యమని మా ఆడపడుచు పట్టుపట్టింది, విశ్వాసముంటే మాత్రలెందుకని ఒకరిద్దరు విశ్వాసులూ అన్నారు. నాకు ఒళ్ళు మండి, కళ్ళజోడు పెట్టుకుని బైబిలు చదివేవాళ్ళకు విశ్వాసం లేదా అని అడిగేశాను. కానీ నాకూ లోపల భయమే, అబద్ధమెందుకు! మా చర్చి పాస్టరు అయ్యగారు నాతో మోకరించి ప్రార్థించి, కాకినాడ వెళ్ళి అడగమన్నారు. అక్కడ డాక్టరుగారు శాంతికి నిద్ర, ఆకలి ఎలా ఉన్నాయో అడిగి, బీపీ మళ్ళీ చూసి, వాడవచ్చన్నారు, మానాలన్నా పెంచాలన్నా తనకు చెప్పకుండా చెయ్యవద్దన్నారు, మాత్రలు బీరువాలో పెట్టి తాళం వెయ్యమన్నారు.

ఆ తాళంచెవి తెచ్చి మా అత్తగారి కొంగుకే కట్టాను. "నా చేతికే ఇస్తున్నావా అమ్మాయ్" అని ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చారు.

సహోదరులారా, మీ ఇంట కుదురులేని బిడ్డ ఉంటే సిగ్గుపడకండి. ప్రార్థించండి, డాక్టరు దగ్గరకూ వెళ్ళండి, ఆ ప్రభువును నమ్మండి. మొన్న ఆదివారం ఒకామె తన మనవడికి ఒక్క మాత్ర ఇమ్మని అడిగితే మా అత్తగారు కొంగు ముడి గట్టిగా పట్టుకుని, "కూరైతే గిన్నెడు పెడతానండి, మాత్ర మాత్రం డాక్టరుగారినే అడగండి" అన్నారు.