ఆకలి బొగ్గు

ఇది మా వంశంలో జరిగిన మహాయుద్ధం కథ. అంటే, ఒక చెట్టు గురించి మా నానమ్మకీ బాబాయికీ వచ్చిన పేచీ. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మొన్న నూజివీడు దగ్గర మా తోటలో, కొత్త మొక్కల కోసం పేడనీళ్ళలో బొగ్గు నానుతున్న డ్రమ్ము మూత తీస్తే, ముక్కు మూసుకునేలోపే నా బాల్యమంతా వచ్చి ఎదురుగా నిలబడింది. కొందరికి మల్లెల వాసనకి గుర్తొస్తుందట. అదృష్టవంతులు.

వేసవి సెలవులంటే ఎండుగడ్డిలో మగ్గే కాయల వాసన, మోచేతుల దాకా కారే రసం, పెదవుల చుట్టూ సొన కాల్చిన మచ్చలు, మధ్యాహ్నం అరుగు మీద నానమ్మ గురక. అన్ని చెట్లూ కాసే ఆ తోటలో, పాకకి ఆనుకుని ఉన్న చిన్నరసం చెట్టు మాత్రం కొన్నేళ్ళుగా పూత మానేసింది. అది నానమ్మ కాపురానికొచ్చిన ఏడు తన చేత్తో నాటింది. దాన్ని కొట్టించి ట్రాక్టరుకి షెడ్డు వేస్తానన్నాడు బాబాయి. వచ్చే పూత దాకా ఆగమంది నానమ్మ.

అత్త పెళ్ళప్పుడు వంటవాళ్ళు గాడిపొయ్యి బొగ్గులు పారబోసిన చోట, మా పెరట్లో, కరివేపాకు మొక్క ఏపుగా లేచింది. అది చూసిన నానమ్మ, ఎండుకొమ్మలు కాల్చి, బూడిద కాకముందే నీళ్ళు చల్లి, ఆ బొగ్గు నలగ్గొట్టి చెట్టు పాదులో పోసింది. కొన్నాళ్ళకి ఆకులు పచ్చబారాయి, పసుపు పచ్చ.

"మందు బాగా పట్టిందమ్మా, పెళ్ళికూతురిలా ఉంది," అన్నాడు బాబాయి.

నానమ్మ ఆ పూటంతా కరివేపాకు దగ్గరే కూర్చుంది. గిన్నెలు తోమిన నీళ్ళు ఎప్పటిలాగే అక్కడికి పారడం చూసి చటుక్కున లేచింది.

"ఒరే, ఇక్కడి బొగ్గు ఎంగిలినీళ్ళు తాగి మొక్కకి పెట్టిందిరా. నేను ఆకలి బొగ్గు వేశాను. చెట్టు తిండి కూడా అదే తినేసింది!"

ఈసారి ఆవు పంచితం, పేడ కలిపిన డ్రమ్ములో బొగ్గు నానబెట్టింది. ఆ వాసనకి చుట్టాలు రావడం తగ్గింది. అది అదనపు లాభం. అలా నానిన బొగ్గు పాదులో పడ్డాక, యూరియాలా ఒక్క వానకే కొట్టుకుపోకుండా, తన కడుపులో ఉన్నది పొదుపైన అత్తగారిలా కొద్దికొద్దిగా వడ్డించింది. మంచు రోజుల్లో రంపం వాళ్ళు వచ్చేసరికి చెట్టుకి పూత ఉంది. ఒకే ఒక్క కొమ్మకి.

"ఒక్క కొమ్మేగా అమ్మా!" అన్నాడు బాబాయి.

"నీకు జుట్టెంత ఉందిరా? తలకాయ తీసేశామా?"

బాబాయి బట్టతల తడుముకున్నాడు. రంపం వాళ్ళు నవ్వి, టీ తాగి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నానమ్మ లేదు. అరుగు లేదు, గురక లేదు, ఆ ట్రాక్టరు కూడా అమ్మేశారు. చెట్టు ఉంది, కాస్తోంది. బొగ్గు మట్టిలో మా తర్వాత కూడా ఉంటుందంటారు. అది తాగిన తిండి మాత్రం అయిపోతుంది. కాబట్టి ఏటా తొలకరికి పాదులో పేడ ఎరువు వేయాల్సిందే.